రూట్ బీర్ తాగితే బామ్ వాసన వస్తోందా? అన్ని సీసాలూ ఒకటి కావు

ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్పుకుందాం. మీరు టెక్సస్‌లోని ఫ్రిస్కో వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసు వాళ్ల బార్బెక్యూలో ఎవరో రూట్ బీర్ చేతికిస్తే ఒక గుక్క తాగారు, నొప్పుల బామ్ నీళ్లలో కలిపినట్టు అనిపించి పక్కన పెట్టేశారు. పిల్లలకేమో తెగ నచ్చింది. వచ్చే శనివారం పెరట్లో గ్రిల్ పెట్టి ఇరవై మందిని పిలుస్తున్నారు. ఏ రూట్ బీర్ కొనాలి, దేంతో తినాలి, పేరులో బీర్ ఉంది కదా అందులో మందు ఉంటుందా అని అడిగారు.

చివరి దానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. సూపర్ మార్కెట్‌లో కోకాకోలా పక్కన ఉండే రూట్ బీర్‌లో మందు ఉండదు, అది సోడానే. కాకపోతే బీరు వరుసలో హార్డ్ రూట్ బీర్ అని ఒకటి అమ్ముతారు, అందులో ఆల్కహాల్ ఉంటుంది. సీసాలు చూడ్డానికి ఇంచుమించు ఒకలాగే ఉంటాయి కాబట్టి లేబుల్ మీద హార్డ్ అన్న మాట గానీ, ఆల్కహాల్ శాతం గానీ ఉందేమో చూసి మరీ కొనండి. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

ఇక అసలు సంగతి. నేను విస్కాన్సిన్‌లో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. చదువుకునే రోజుల్లో క్యాంటీన్‌లో గ్రిల్ దగ్గర పనిచేశాను. అప్పటి నుంచీ ఏ ఊరు వెళ్లినా అక్కడి రూట్ బీర్ ఒక సీసా కొని రుచి చూడటం అలవాటైంది. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, రూట్ బీర్ అనేది ఒక రుచి పేరు కాదు. మన సాంబారు లాంటిది. పేరు ఒకటే, ఇంటింటికీ పొడి వేరు. మీరు తాగింది ఆ ఇళ్లలో ఒకటి మాత్రమే. దాంతో కుదరలేదని మొత్తానికే వదిలేస్తే నష్టపోయేది మీరే.

బామ్ వాసన మీ భ్రమ కాదు. అమెరికా అడవుల్లో నేలబారుగా పెరిగే వింటర్‌గ్రీన్ అనే చిన్న మొక్క ఆకుల్లో, స్వీట్ బర్చ్ చెట్టు బెరడులో మిథైల్ సాలిసిలేట్ అనే పదార్థం ఉంటుంది. రూట్ బీర్‌కి ఉండే ఆ చల్లటి ఘాటు దానిదే. మన నొప్పుల బామ్ సీసా మీద గంధపుర తైలం అని రాసి ఉంటుంది చూడండి, అది ఈ వింటర్‌గ్రీన్ నూనే. మనకి చిన్నప్పుడు తలనొప్పి వస్తే అమ్మ నుదుటికి రాసిన వాసన అది. ఇక్కడి పిల్లలకి అదే వాసన చూయింగ్ గమ్‌లోనూ చప్పరించే బిళ్లల్లోనూ దొరుకుతుంది. అందుకే వాళ్లకి అది మిఠాయి, మనకి మందు. బ్రిటన్ వాళ్లలో చాలామంది కూడా మీలాగే మొహం తిప్పుకుంటారు, వాళ్ల ఇళ్లలో గాయాలకి రాసే ఆయింట్‌మెంట్‌ది కూడా ఇదే వాసన. మీ పిల్లలకి నచ్చిందంటే వాళ్ల ముక్కుకి ఇంకా బామ్ జ్ఞాపకం పడలేదన్నమాట.

పాతరోజుల్లో రూట్ బీర్‌కి అసలు రుచి శాసఫ్రాస్ అనే చెట్టు వేరు బెరడు నుంచి వచ్చేది. దాన్ని ఊళ్లలో మందు కషాయంలా కాచుకుని తాగేవాళ్లు. ఫిలడెల్ఫియాలో చార్లెస్ హైర్స్ అనే మందుల షాపు ఆయన దాన్ని వ్యాపారం చేసి, 1876లో అక్కడ జరిగిన శతవార్షిక ప్రదర్శనలో జనానికి పరిచయం చేశాడు. 25 సెంట్ల పొట్లం కొంటే ఇంట్లో ఐదు గ్యాలన్లు చేసుకునే వీలుండేది. పొడిని నీళ్లలో కాచి, చక్కెర, ఈస్ట్ వేసి సీసాల్లో బిగిస్తే కొంచెం పులిసి బుడగలొచ్చేవి. బీర్ అన్న పేరు చూసి 1890లలో మద్యనిషేధం కోరే మహిళా సంఘాలు గొడవ చేశాయి కూడా. మీకొచ్చిన అనుమానం అప్పుడే వాళ్లకీ వచ్చింది.

శాసఫ్రాస్ వేరు నూనెలో శాఫ్రోల్ అనే పదార్థం ఉంది. అది ఎలుకల కాలేయంలో క్యాన్సర్ తెస్తోందని తేలాక 1960లో ఆహార పదార్థాల్లో వాడకూడదని అమెరికా ప్రభుత్వం నిషేధించింది. అప్పటి నుంచి కంపెనీలు శాఫ్రోల్ తీసేసిన సారమో, కృత్రిమ రుచులో వాడుతున్నాయి. ఆ ఖాళీని ఒక్కొక్కరు ఒక్కో రకంగా నింపారు. ఒకరు వెనిలా పెంచారు, ఒకరు వింటర్‌గ్రీన్ పెంచారు, ఇంకొకరు సోంపు, లవంగం, దాల్చినచెక్క వైపు వెళ్లారు. కాబట్టి సీసా చేతిలోకి తీసుకోగానే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఇది వెనిలా వైపుదా, బామ్ వైపుదా, మసాలా వైపుదా?

వెనిలా వైపు అందరికీ తెలిసినది ఏ అండ్ డబ్ల్యూ. కాలిఫోర్నియాలోని లోడై ఊళ్లో 1919 జూన్‌లో, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల ఊరేగింపు రోజున, రాయ్ అలెన్ అనే ఆయన రోడ్డు పక్కన స్టాండ్ పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత ఫ్రాంక్ రైట్ భాగస్వామిగా చేరాడు, ఇద్దరి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే ఆ పేరు. మెత్తగా, తియ్యగా, నురగ నిలబడేలా ఉంటుంది. మగ్ అనే బ్రాండ్ కూడా ఈ వైపుదే గానీ ఇంకాస్త పలచన, గుర్తుండిపోయే రుచేమీ లేదు. మా దగ్గర తయారయ్యే స్ప్రెకర్ ఈ మూడింటిలో నాకు బాగా ఇష్టం. మిల్వాకీలో 1985లో మొదలైన బ్రూవరీ అది. గ్యాస్ మంట మీద పెద్ద కెటిల్‌లో కాస్తారు, విస్కాన్సిన్ తేనె వేస్తారు. గుక్క మింగాక నాలుక మీద తేనె తీపి కాసేపు నిలుస్తుంది. ధర ఎక్కువే.

బార్క్స్ వేరే దారి. మిసిసిపీలోని బిలాక్సీలో ఎడ్వర్డ్ బార్క్ 1898లో మొదలుపెట్టాడు, 1995లో కోకాకోలా కంపెనీ కొనేసింది. వెనిలా తక్కువ, నురగ తక్కువ, నాలుక మీద చురుక్కుమంటుంది. కోలా అలవాటున్న వాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: మామూలు బార్క్స్‌లో కెఫీన్ ఉంటుంది, ఒక క్యాన్‌లో 22 మిల్లీగ్రాములు. మిగతా రూట్ బీర్లలో చాలావాటికి ఉండదు. సాయంత్రం పిల్లలకి రూట్ బీరే కదా అని రెండు క్యాన్లు ఇస్తే రాత్రి పదకొండింటికి మీరే మేలుకుని ఉండాలి.

మసాలా వైపు వర్జిల్స్. సోంపు, అతిమధురం, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, మొలాసిస్ అన్నీ ఉంటాయి. మొలాసిస్ అంటే చెరకు రసం పంచదారగా మారాక మిగిలే నల్లటి పాకం, బెల్లం వాసన వస్తుంది. మన తెలుగువాళ్లకి మొదటి గుక్కలోనే తెలిసిన రుచులు నాలుగైనా తగిలేది ఇందులోనే. బామ్ వైపు న్యూజెర్సీలో పుట్టిన బాయ్‌లన్ ఉంది. వింటర్‌గ్రీన్ గట్టిగా కొడుతుంది, చెరకు చక్కెరతో చేస్తారు కాబట్టి తీపి మాత్రం శుభ్రంగా ఉంటుంది. నాకిప్పుడు అది ఇష్టమే, అయితే అక్కడికి చేరడానికి ఐదారేళ్లు పట్టింది. బర్చ్ బీర్ అని రాసి ఉన్నవి కనిపిస్తే ప్రస్తుతానికి ముట్టుకోకండి. పెన్సిల్వేనియా వైపు వాళ్లు ప్రాణం పెట్టి తాగుతారు గానీ అది పూర్తిగా మీరు పారిపోయి వచ్చిన వాసనే.

మన నాలుకకి రూట్ బీర్ వైపు ఒక దగ్గరి దారి ఉంది, అదే సుగంధి. రాయలసీమ వాళ్లయితే నన్నారి అంటారు. మాది కర్నూలు. ఎండాకాలం బండి దగ్గర నిలబడితే, గ్లాసు అడుగున నల్లటి నన్నారి పాకం, పైన నిమ్మకాయ సగం పిండి, గోళీ సోడా బుస్సుమని కొట్టి ఇచ్చేవాడు. అడుగున నలుపు, పైన తేనెరంగు, గరిటె పెట్టి తిప్పేలోపే తాగేసేవాళ్లం. సుగంధి పాల మొక్కని ఇంగ్లీషు పుస్తకాలు ఇండియన్ సార్సపరిల్లా అంటాయి. అమెరికా సార్సపరిల్లాతో దానికి చుట్టరికం లేదు. మనది జిల్లేడు కుటుంబం, అక్కడిది వేరే తీగ జాతి. అయినా రుచిలో పోలిక ఉండటానికి కారణం ఉంది. సుగంధి వేరుకి వాసననిచ్చే పదార్థం, వెనిలాకి వాసననిచ్చే వెనిలిన్ రెండూ ఐసోమర్లు. అంటే అణువులో ఉన్న సరుకంతా ఒకటే, అమరిక మాత్రం వేరు. అందుకే వెనిలా వైపు రూట్ బీర్ మనకి సుగంధిని గుర్తుచేస్తుంది.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు స్ప్రెకర్ సీసా ఒకటి తీసి గ్లాసులో పోసి పెట్టాను. బుడగలు ముక్కుకి కొడుతున్నాయని పక్కన పెట్టింది. పది నిమిషాలయ్యాక, గ్యాస్ సగం పోయాక, మళ్లీ తీసుకుని నెమ్మదిగా తాగి, "ఇందులో నిమ్మకాయ పిండటం మర్చిపోయారురా" అంది. నిమ్మకాయ పిండితే ఇక్కడి రూట్ బీర్ పాడవుతుంది గానీ, ఆవిడ నాలుక దాన్ని సరిగ్గా ఏ గూట్లో పెట్టిందో నాకు అర్థమైంది. మీరూ అలాగే చేసి చూడండి. పొయ్యగానే తాగకండి, ఐసు వెయ్యకండి. ఫ్రిజ్‌లోంచి తీసి ఐదు నిమిషాలు ఆగండి. మరీ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వింటర్‌గ్రీన్ చల్లదనం ఒక్కటే తెలుస్తుంది, వెనిలా, తేనె అన్నీ దాని వెనక దాక్కుంటాయి.

ఇప్పుడు తిండి. నేను నమ్మే సూత్రాలు మూడు: పొగకి రూట్ బీర్ నప్పుతుంది, కొవ్వుకి నప్పుతుంది, పులుపుకి నప్పదు. మూడోది మన తెలుగు భోజనానికి పెద్ద అడ్డంకి, దాని దగ్గరికి వస్తాను.

మీరుండేది టెక్సస్ కాబట్టి బ్రిస్కెట్‌తో మొదలుపెడదాం. ఉప్పు, మిరియాలు రాసి, ఓక్ కట్టెల పొగలో పది పన్నెండు గంటలు ఉంచిన బీఫ్ అది. బీఫ్ తినని ఇంట్లో ఇదే పద్ధతిలో చికెన్ కాళ్లు పెట్టుకోవచ్చు. పైన నల్లగా పెళుసుగా కట్టిన పొరలో కాస్త చేదు ఉంటుంది. రూట్ బీర్ రంగులో ఉన్న కారమెల్, వెనిలా ఆ చేదుని పట్టుకుని తీపి వైపు లాగుతాయి. పొగలో వచ్చే వాసనల్లో వెనిలా పోలికవి ఉంటాయి, కట్టె కాలినప్పుడు దాని లోపలి లిగ్నిన్ విరిగి అలాంటి పదార్థాలే పుడతాయి. అందుకే ఆ రెండూ నోట్లో కలిసినప్పుడు ఒకేచోట పుట్టినట్టుంటాయి. సాస్ లేని మాంసానికి ఏ అండ్ డబ్ల్యూ గానీ, స్ప్రెకర్ గానీ పెట్టండి. కాన్సస్ సిటీ పద్ధతిలో తియ్యటి, చిక్కటి సాస్ పూసినదైతే దాంతో మళ్లీ తియ్యటిది తాగితే రెండో ముక్కకే మొహం మొత్తుతుంది. అక్కడ బార్క్స్ పనికొస్తుంది. నార్త్ కరోలినా వైపు వెనిగర్ సాస్ పోస్తారు, దాంతో మాత్రం ఏ రూట్ బీరూ వద్దు. వెనిగర్‌తో వింటర్‌గ్రీన్ కలిస్తే మీకు మళ్లీ ఆ మొదటి రోజు బామే గుర్తొస్తుంది.

బర్గర్, ఫ్రైస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, రూట్ బీర్ స్టాండ్లు బతికిందే వాటి మీద. విస్కాన్సిన్‌లో చీజ్ కర్డ్స్ అని, తాజా చీజ్ ముక్కల్ని పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. వేడివేడిగా, ఉప్పగా, పంటికింద సాగుతూ ఉంటాయి. మా ఊరి సంతలో ఆ కాగితపు పొట్లం ఒక చేతిలో, చల్లటి రూట్ బీర్ ఇంకో చేతిలో లేనివాళ్లు తక్కువ.

లూసియానా, మిసిసిపీ తీరం వైపు ఎప్పుడైనా వెళ్తే పో-బాయ్ శాండ్‌విచ్‌తో బార్క్స్ తాగండి. వేయించిన రొయ్యలు, పెళుసు బ్రెడ్, ఆ చురుకు సోడా. అక్కడి గంబో అనే కూరలాంటి సూప్‌లో చివర్లో చిక్కదనం కోసం ఫిలే అనే ఆకుపచ్చ పొడి చల్లుతారు. అది శాసఫ్రాస్ ఆకుల పొడి. ఒకప్పుడు రూట్ బీర్‌కి వేరు ఇచ్చిన చెట్టు ఆకే గిన్నెలోకి వచ్చిందన్నమాట.

పిజ్జాతో నాకు అంతగా నచ్చదు, టొమాటో పులుపు అడ్డం పడుతుంది. ఇటాలియన్ సాసేజ్ వేసిన పిజ్జా అయితే మాత్రం వర్జిల్స్ బాగుంటుంది. ఆ సాసేజ్‌లో సోంపు ఉంటుంది, సీసాలోనూ సోంపు ఉంటుంది.

ఇక మన వంటలు. గోంగూర, పప్పుచారు, పులిహోర, చేపల పులుసు, ఆవకాయ, వీటి దరిదాపుల్లోకి రూట్ బీర్ రానివ్వకండి. పెరుగు పచ్చడితో కూడా కుదరదు. మిర్చి బజ్జీ లాంటి మంట పుట్టించేవాటితో కూడా జాగ్రత్త. తీపి కారాన్ని కాస్త తగ్గిస్తుంది గానీ, సోడాలోని గ్యాస్ మండుతున్న నాలుకని ఇంకా పొడుస్తుంది. అక్కడ మజ్జిగే సరైనది. కుదిరేవి ఏవంటే, లవంగం, దాల్చినచెక్క, మిరియాలు ముందుండి పులుపు వెనకున్న పొడి కూరలు. మిరియాల మటన్ వేపుడుతో వర్జిల్స్ నేను ఎంతమందికి పెట్టానో లెక్కలేదు, ఒక్కరూ వద్దనలేదు. బిర్యానీతో కూడా అదే, రైతా లేకుండా తింటే. నిమ్మకాయ పిండకుండా ఉప్పు, వెన్న రాసిన కాల్చిన మొక్కజొన్న కంకితో ఏ అండ్ డబ్ల్యూ. ఉప్పు వేసి వేయించిన పల్లీలతో ఏదైనా సరే. మాంసం తినని వాళ్లకి గ్రిల్ మీద పనీర్, పుట్టగొడుగులు పెట్టండి. పనీర్‌ని పెరుగులో నానబెట్టకుండా నూనె, మిరియాలు, జీలకర్ర పొడి రాసి కాలిస్తే రూట్ బీర్‌తో బాగా కుదురుతుంది.

గ్రిల్ మీద పూతగా కూడా వాడొచ్చు. రెండు క్యాన్ల రూట్ బీర్‌ని వెడల్పాటి గిన్నెలో పోసి, సన్నటి మంట మీద పావు వంతు అయ్యేదాకా మరగనివ్వండి. తేనెలా అవుతుంది. అందులో ఆవాల పేస్టు ఒక చెంచా, మిరియాల పొడి, ఉప్పు, వెల్లుల్లి ముద్ద కొంచెం. చికెన్ ఉడికిపోయాక ఆఖరి ఐదు నిమిషాల్లో పూయండి, ముందే పూస్తే చక్కెర మాడిపోతుంది. డైట్ రూట్ బీర్‌తో ఇది కుదరదు, అందులో చక్కెర లేదు కాబట్టి చిక్కబడదు. వింటర్‌గ్రీన్ వాసన మరిగేటప్పుడు చాలావరకు ఎగిరిపోతుంది, అందుకని బామ్ గొడవ ఉన్నవాళ్లు కూడా ఇది ఇష్టంగా తింటారు.

చక్కెర సంగతి కూడా చెప్పాలి. 355 మిల్లీలీటర్ల క్యాన్‌లో 40 గ్రాములకి పైనే ఉంటుంది, అంటే పది చెంచాలు. మీ శనివారం పిలుపుకి పెద్దవాళ్లు కూడా వస్తారు, షుగర్ ఉన్నవాళ్లుంటారు. చిన్న గ్లాసులు పెట్టండి, ఒక డైట్ ప్యాక్ విడిగా ఉంచి దాని మీద రాసి పెట్టండి. తీపి తక్కువ అనిపించే సీసాలో కూడా చక్కెర తక్కువని అనుకోవద్దు, ఘాటు తీపిని దాచేస్తుంది. లేబుల్ చూడాల్సిందే.

ఇరవై మందికి నేనైతే ఇలా కొంటాను: ఏ అండ్ డబ్ల్యూ పన్నెండు క్యాన్లు, బార్క్స్ ఆరు, వర్జిల్స్ నాలుగు సీసాల ప్యాక్ ఒకటి, స్ప్రెకర్ మీ దగ్గర దొరికితే నాలుగు సీసాలు. పెద్ద దుకాణాల్లో క్రాఫ్ట్ సోడాల వరుసలో వెతకండి. దాంతోపాటు రెండు పెద్ద డబ్బాల వెనిలా ఐస్‌క్రీం. ఫ్లోట్, అంటే రూట్ బీర్‌లో ఐస్‌క్రీం ఉండ వేసింది, చేయకుండా రూట్ బీర్ పార్టీ ముగించకండి. దానికి ఏ అండ్ డబ్ల్యూ చాలు, ఖరీదైనది వృథా.

చేసే పద్ధతి ఇదీ. ఐస్‌క్రీం ఉండల్ని పొద్దున్నే ట్రేలో వేసి ఫ్రీజర్‌లో గట్టిపడనివ్వండి. గ్లాసులు కూడా చల్లబరచండి. గ్లాసు సగం దాకా రూట్ బీర్ పోసి, నురగ దిగాక ఒక ఉండ వదలండి. అది మునిగి, తేలి, చుట్టూ తెల్లగా పొంగుతుంది. పొంగు ఆగేదాకా ఆగి మిగతాది గ్లాసు అంచు వెంబడి సన్నగా పోయండి. ఐస్‌క్రీం ముట్టుకున్న చోట సోడా పలచటి మంచు ముక్కల్లా గడ్డకడుతుంది, చెంచాతో ముందు తినాల్సింది దాన్నే. మీ పిల్లలకి ఇచ్చేటప్పుడు మీరూ ఒకటి కలుపుకోండి. పాలలోని కొవ్వు వింటర్‌గ్రీన్ ఘాటుని కమ్మేస్తుంది, వెనిలా పైకొస్తుంది. మొదటిసారి నాకు రూట్ బీర్ నచ్చింది అలాగే. గ్లాసు ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన ఆ రెండు గుక్కలు ఐస్‌క్రీం లేకుండా తాగి చూసి, బామ్ వాసన ఇంకా వస్తోందో లేదో ఇక్కడ రాయండి.